బ్యాంకు విలీనం తరువాత నిద్ర కరువైంది: మనసును కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న
అడిగినవారు: శాఖాధికారి, కోస్తా జిల్లా

అందరికీ నమస్కారం. నా వయసు 48. గ్రామీణ బ్యాంకులో ఇరవై ఏళ్లకు పైబడి పనిచేస్తున్నాను, ప్రస్తుతం ఒక మండల కేంద్రంలో శాఖా మేనేజరుగా ఉన్నాను. 'ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు' అన్న విధానం కింద 2025 మే 1న దేశంలో 26 గ్రామీణ బ్యాంకులు విలీనమై, మొత్తం సంఖ్య 43 నుంచి 28కి తగ్గిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. అలా కలిసిపోయిన వాటిలో మాదీ ఒకటి. విలీనం మంచిదా చెడ్డదా అన్న చర్చ కోసం ఇది రాయడం లేదు, సంస్థను తప్పుపట్టడం కూడా నా ఉద్దేశం కాదు. మార్పు మొదలైనప్పటి నుంచి నా మనసు నా స్వాధీనంలో ఉండటం లేదు, దాని గురించే అడగదలచుకున్నాను.

పని పెరిగిన మాట నిజమే. పాత పద్ధతిలో కళ్లు మూసుకుని చేసిన పనికి ఇప్పుడు కంప్యూటరులో మెనూలు వెతుక్కోవలసి వస్తోంది, డే ఎండ్ (ఆ రోజు లెక్కల ముగింపు) పూర్తయ్యేసరికి చీకటి పడుతోంది. డ్వాక్రా సంఘాల మహిళలు పాత పాస్‌బుక్కులు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని వచ్చి, "మన బ్యాంకు పోయిందంట గదా సార్, మా పొదుపు డబ్బులు ఉన్నట్టేనా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ నిదానంగా చెప్పి పంపుతాను. నిజానికి వారితో మాట్లాడుతున్నంతసేపే నేను కుదురుగా ఉంటున్నాను.

నన్ను లోపల తినేస్తున్నది ఏదీ తేలకపోవడం. ఉమ్మడి సీనియారిటీ జాబితాలో నా స్థానం ఎక్కడ ఉంటుంది, బదిలీ ఏ జిల్లాకు, మా శాఖను పక్క ఊరి శాఖలో కలిపేస్తారా అన్న ప్రశ్నలకు వాట్సాప్ గ్రూపులలో రోజుకొక సమాధానం వస్తుంది, మర్నాటికి అది అబద్ధమని తేలుతుంది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. అమ్మ మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేదు. ఇప్పుడు దూరపు జిల్లాకు బదిలీ వస్తే ఎవరిని ఎక్కడ ఉంచాలో తోచడం లేదు.

పదకొండింటికి పడుకుంటే మూడింటికల్లా మెలకువ వస్తోంది. సండ్రీ ఖాతాలో (ఏ పద్దుకు చెందినవో తేలని మొత్తాలను తాత్కాలికంగా ఉంచే ఖాతా) తేలని ఎంట్రీలు కళ్ల ముందు తిరుగుతాయి. లేచి వెళ్లి స్ట్రాంగ్ రూమ్ తాళాల గుత్తి సంచిలో ఉందో లేదో తడిమి చూసుకుంటాను, తిరిగి పడుకున్న కాసేపటికే మళ్లీ చూసుకోవాలనిపిస్తుంది. గుండెలో బరువుగా ఉందని ఈసీజీ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఆకలి తగ్గింది. చిన్నమాటకే విసుగు వస్తోంది. మా బావమరిది తాను ఆందోళనకు వాడే అల్ప్రాజోలం అనే మత్తు కలిగించే మాత్ర సగం వేసుకోమన్నాడు, వేసుకున్న రాత్రి నిద్ర పట్టింది గాని మర్నాడంతా తల దిమ్ముగా ఉండింది. ఒక్కొక్కసారి అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోతే బాగుండుననిపిస్తుంది.

తోటివారితో అంటే "అందరికీ ఉన్నదే కదా" అంటున్నారు. ఇలాంటి మార్పును దాటి వచ్చినవారు, వైద్యరంగంలో ఉన్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇది కాలం గడిస్తే దానంతట అదే పోయేదేనా, చికిత్స తీసుకోవలసినదా?


జవాబు 1
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మచిలీపట్నం

సోదరా, మీరు రాసినదాంట్లో చాలా భాగం నేను అనుభవించాను. నేను ఆంధ్రా బ్యాంకులో పనిచేశాను. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మా ఊళ్లోనే స్థాపించిన బ్యాంకు అది. 2019 ఆగస్టు 30న విలీన ప్రకటన వచ్చింది, 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతోపాటు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై వారం రోజులైంది. ఒక సభ లేదు, ఒక వీడ్కోలు లేదు. మూతికి గుడ్డ కట్టుకుని కౌంటరులో కూర్చున్న మేము ఒక సంస్థ ఉద్యోగులుగా ఇంటికి వెళ్లి, మరొక సంస్థ ఉద్యోగులుగా తిరిగి వచ్చాము. జీతం ఆగలేదు, ఉద్యోగం పోలేదు, అయినా దగ్గరివారెవరో పోయినట్లుండేది. ఆ దుఃఖాన్ని పైకి చెప్పుకుంటే నవ్వుతారేమోనని ఎవరికి వారు మింగేశారు. మీకూ అటువంటిది కొంత ఉంటే దానికి సిగ్గుపడవలసిన పని లేదు. పాత సహోద్యోగులు నలుగురు కలిసి పాత కబుర్లు చెప్పుకోవడం కూడా మందే.

ప్రకటనకూ విలీనానికీ మధ్య గడిచిన ఏడు నెలలు విలీనం తరువాతి కాలం కంటె ఎక్కువ బాధపెట్టాయి. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చినవారు నాలుగు రోజులు బాధపడి, ఇల్లు వెతుక్కునే పనిలో పడేవారు. ఉత్తర్వు రానివారే నలిగిపోయేవారు. అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో సర్క్యులరు నంబరూ తేదీ ఉన్న సంగతులు మాత్రమే రాసేవాడిని. గ్రూపులలో, ఫోన్లలో విన్నవన్నీ కుడి పేజీలో. ఎడమ పేజీలోని ప్రతి సంగతికీ ఎదురుగా నేను చేయవలసిన పని ఒకటి రాసుకునేవాడిని: ఆప్షన్ ఇవ్వడం, సర్వీసు రిజిస్టరు సరిచూసుకోవడం, అర్జీ పెట్టడం. కుడి పేజీకి ఏ పనీ ఉండదు. అది నిండుతూ పోతుంది, కొన్నాళ్లకు చూస్తే అందులో సగం ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. బ్యాంకు ఉద్యోగులం కాబట్టి వోచరు లేని ఎంట్రీని నమ్మకూడదని మనకు వేరే చెప్పనక్కరలేదు, పుకార్ల విషయంలో మాత్రం ఆ అలవాటును మరచిపోతాము.

మరొక మాట. గ్రూపులలో ఉన్నవారందరూ సాటి బాధితులే, చెడ్డవారు కారు. కాని రాత్రి పదింటికి ఒకరి భయం మరొకరికి అంటుకుంటుంది. మా ఉద్యోగ సంఘం కార్యదర్శి ఒక్కరినే నమ్ముకుని, వారానికొకసారి ఆయనకు ఫోను చేసి, మిగిలిన గ్రూపులన్నీ మ్యూట్ చేశాను. ముఖ్యమైనదేదీ నాకు తెలియకుండా పోలేదు.

బదిలీ విషయంలో ఒక సూచన. ఉత్తర్వు వచ్చాక పరుగులు పెట్టేకంటె, మీ అమ్మగారి వైద్య పత్రాలు, అబ్బాయి చదువు వివరాలు జతచేసి, మీకు ఏ జిల్లాలు అనుకూలమో క్రమంలో రాసి, ఒక వినతిపత్రం ఇప్పుడే సరైన మార్గంలో పంపి, అందినట్లు రసీదు తీసుకోండి. మంజూరవుతుందని హామీ ఇవ్వలేను. చేయగలిగింది చేశామన్న భావం మాత్రం రాత్రిపూట పనికివస్తుంది.


జవాబు 2
యోగాభ్యాసి, తిరుపతి

ఉదయం అరగంట ప్రాణాయామం, ధ్యానం చేయండి. మందుల జోలికి వెళ్లకండి, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవు. మనసు దృఢంగా ఉంటే ఏ మార్పూ ఏమీ చేయలేదు.


జవాబు 3
గృహిణి, ఒంగోలు

అన్నయ్యగారూ, మావారు కూడా బ్యాంకు ఉద్యోగే. ఇంట్లో ఉండేవారికి ఈ మార్పు ఎలా కనబడుతుందో చెప్పాలని రాస్తున్నాను.

మావారికి దూరపు బదిలీ వచ్చినప్పుడు పిల్లల చదువు కోసం నేను ఇక్కడే ఉండిపోయాను, ఆయన అక్కడ ఒంటిగదిలో ఉండేవారు. అంతకుముందు కొన్ని నెలలపాటు ఆయన ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని ఫోను చూస్తూ తినేవారు, ఏమి తిన్నారో అడిగితే చెప్పలేకపోయేవారు. ఏమైందంటే ఏమీ లేదనేవారు. మమ్మల్ని కంగారుపెట్టకూడదని ఆయన ఉద్దేశం. చెప్పకపోవడం వల్ల మేము ఊహించుకున్నవి అసలు విషయం కంటె ఘోరంగా ఉండేవి. ఉద్యోగమే పోతోందేమో, ఎక్కడైనా సొమ్ము తేడా వచ్చి విచారణ జరుగుతోందేమోనని మా అత్తగారు మొక్కులు మొక్కారు. మీరు కూడా ఇంట్లో చెప్పకుండా దాస్తున్నారేమో చూసుకోండి. ఇంటర్ చదివే అబ్బాయికి అన్నీ అర్థమవుతాయి. "బదిలీ రావచ్చు, వస్తే నువ్వూ అమ్మా నాన్నమ్మా ఇక్కడే ఉంటారు, నేను వారానికోసారి వస్తాను" అని ఒక మాట చెబితే వాడు తన చదువు తాను చూసుకుంటాడు.

మేము తరువాత ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. ఆయన ఇంటికి వచ్చాక స్నానం, భోజనం అయ్యేవరకు బదిలీ మాట ఎవరమూ ఎత్తకూడదు. ఆ తరువాత ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు గాని పడకగదిలో మాత్రం కూడదు.

ఒంటిగదికి వెళ్లాక వచ్చిన ఇబ్బంది వేరు. కర్రీ పాయింట్ కూరలు, వేళకాని భోజనం, సాయంత్రమైతే తోటి ఉద్యోగుల గదిలో మందు. నిద్ర కోసమే తాగుతున్నానని ఆయన అనేవారు. నేను గొడవపడలేదు, కాని రెండో శనివారం వచ్చే సెలవును ఆయన ఇక్కడికి రావడానికి, మధ్యలో ఒక ఆదివారం నేను అక్కడికి వెళ్లడానికి కేటాయించి, అక్కడే రెండు గిన్నెలు, కుక్కరు కొనిపెట్టి వచ్చాను. అన్నం వండుకోవడం మొదలుపెట్టిన తరువాత సాయంత్రాలు కాస్త నిండాయి. మీకు బదిలీ వస్తే గది చూసుకునేటప్పుడు వంటకు వీలుందో లేదో ముందు చూడండి, అద్దె నాలుగు వందలు ఎక్కువైనా ఫరవాలేదు.

పైన ఒకరు మనసు దృఢంగా ఉంటే చాలన్నారు. ఆయనను నొప్పించాలని కాదు గాని, ఆ మాట విన్నప్పుడల్లా మావారు మరింత ముడుచుకుపోయేవారు.


జవాబు 4
మనోవైద్యుడు, విశాఖపట్నం

మీరు వివరంగా రాసినందుకు సంతోషం. చూడకుండా రోగనిర్ధారణ చేయడం సరికాదు కాబట్టి, సాధారణంగా ఇటువంటి పరిస్థితిలో మేము ఏ దారిలో ఆలోచిస్తామో చెబుతాను.

ముందుగా ఒక ప్రశ్నను సూటిగా అడగాలి. "అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోతే బాగుండును" అన్నారు. అది ఉద్యోగం వదిలేయాలన్న కోరికా, లేక బతకడమే వద్దన్న తలపా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. రెండవదైతే ఈ చర్చను ఇక్కడే వదిలి, ఈ రాత్రే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. అంత తీవ్రత లేకపోయినా, కేవలం ఆందోళన గురించి మాట్లాడటానికీ ఆ నంబరుకు చేయవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. జీవితంలో గుర్తించదగిన మార్పు వచ్చిన కొద్ది వారాలలో మొదలై, ఆ మార్పు గురించిన చింతే రోజంతా మనసును ఆక్రమించి, పనికీ ఇంటికీ అడ్డువచ్చే స్థితిని సర్దుబాటు రుగ్మత అంటాము. కారణం తొలగిపోయిన తరువాత ఇది సాధారణంగా ఆరు నెలలలోపు తగ్గిపోతుంది. మీ విషయంలో చిక్కు ఏమిటంటే కారణం ఇంకా తొలగలేదు, కాబట్టి 'కాలం గడిస్తే పోతుంది' అని చేతులు కట్టుకుని కూర్చోవడానికి లేదు. మరోవైపు, తెల్లవారుజామున మెలకువ రావడం, ఆకలి తగ్గడం, విసుగు అన్నవి కుంగుబాటులోనూ కనిపిస్తాయి. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటున్నా, ఇంతకుముందు ఇష్టపడిన వాటిపై ఆసక్తి పోయినా వైద్యుడికి చూపించుకోవడానికి అదే సరిపోయినంత కారణం. మీరు డ్వాక్రా మహిళలతో మాట్లాడేటప్పుడు కుదురుగా ఉంటున్నానని రాశారు, అది మంచి సూచన. తాళాల గుత్తిని పదేపదే తడిమి చూసుకోవడం ఇంతకుముందు నుంచే ఉన్న అలవాటా, ఇప్పుడే మొదలైందా అన్నది మీ వైద్యుడికి తప్పక చెప్పండి. ఒకసారి రక్తపోటు, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి, థైరాయిడ్ హెచ్చుతగ్గులు నిద్రనూ మనసునూ రెండింటినీ చెడగొట్టగలవు.

నిద్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది కుదుటపడితే మిగిలినవాటితో పోరాడే ఓపిక వస్తుంది. మూడింటికి మెలకువ వచ్చిందనుకోండి. గడియారం చూడకండి. సుమారు ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకుండా లేచి, వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని, ఫోను తప్ప ఏదైనా చదువుకుని, కళ్లు మూతపడుతున్నప్పుడే తిరిగి పడుకోండి. పక్క అనగానే ఆలోచనలు మొదలయ్యే అలవాటు శరీరానికి పడిపోయింది, దాన్ని విడదీయడమే ఇందులోని కిటుకు. ఎంత ఆలస్యంగా నిద్రపట్టినా ఉదయం ఒకే వేళకు లేవండి. పగటి నిద్ర మానండి. మొదటి వారం ఇది కష్టంగానే ఉంటుంది, మరింత అలసట అనిపిస్తుంది, అయినా కొనసాగించాలి. శాఖలో సాయంత్రం ఐదింటికి వచ్చే టీ మానేయండి, కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మద్యం నిద్ర పట్టించినట్లే ఉండి రాత్రి రెండో సగంలో లేపేస్తుంది, ఒంగోలు సోదరిగారు చెప్పిన అనుభవం మా దగ్గరకు వచ్చే చాలామందిది.

మచిలీపట్నం పెద్దాయన చెప్పిన నోటుపుస్తకాన్ని నేనూ సమర్థిస్తాను. దానికి ఒక వేళ కూడా నిర్ణయించుకోండి, సాయంత్రం ఇంటికి చేరిన తరువాత పావుగంట. మిగతా సమయంలో చింత వస్తే 'దీన్ని ఆ పావుగంటలో చూద్దాం' అని వాయిదా వేయడం సాధనతో వస్తుంది. తేలని సండ్రీ ఎంట్రీలను కూడా శాఖలోనే కాగితం మీద రాసి, మర్నాడు మొదట ఏది చూడాలో గుర్తుపెట్టి రండి. రాసిపెట్టని పనిని మనసు రాత్రంతా కాపలా కాస్తుంది.

అల్ప్రాజోలం మాత్ర విషయంలో గట్టిగా చెప్పక తప్పదు. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు దుకాణదారు రిజిస్టరులో రాయాలి. త్వరగా అలవాటుపడే గుణం దానికి ఉంది. ఒకరికి రాసినది మరొకరు వాడటం ఎంతమాత్రం తగదు. మద్యంతో కలిస్తే ప్రమాదం. మీ బావమరిది దీన్ని చాలాకాలంగా రోజూ వాడుతూ ఉంటే ఆయన కూడా ఒక్కసారిగా ఆపకూడదు, వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

తిరుపతి మిత్రులు చెప్పిన ప్రాణాయామాన్ని నేను కాదనను. నెమ్మదిగా ఊపిరి వదలడం వల్ల గుండె దడ తగ్గడం చాలామందికి అనుభవమే. కాని మందులు మొదలుపెడితే జీవితాంతం వదలవన్న మాట సరికాదు. ఆందోళనకూ కుంగుబాటుకూ ఎక్కువగా వాడే మందులు అల్ప్రాజోలం వంటివి కావు, వాటికి వ్యసనం ఏర్పడదు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ పడుతుంది, ఈలోపల గుణం లేదని మానేసేవారే ఎక్కువ. కుదుటపడిన తరువాత కొన్ని నెలలు కొనసాగించి, వైద్యుడి సూచన మేరకు తగ్గించి ఆపేస్తాము. మీకు మందులే అవసరం కాకపోవచ్చు, కేవలం కౌన్సెలింగ్‌తో తేరుకునేవారూ ఉన్నారు. జిల్లా ఆసుపత్రులలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద మానసిక వైద్య సేవలు ఉంటాయి, అక్కడ మొదలుపెట్టవచ్చు.


ప్రశ్న అడిగినవారి స్పందన
శాఖాధికారి, కోస్తా జిల్లా

అందరికీ ధన్యవాదాలు. డాక్టరుగారూ, బతకడం వద్దన్న తలపు లేదు, రాలేదు. ఉద్యోగం వదిలేయాలన్నదే నా కోరిక. స్వచ్ఛంద పదవీ విరమణ గురించి లెక్కలు కూడా వేసుకుంటున్నాను. ఇంట్లో నిజంగానే ఏమీ చెప్పలేదు, ఒంగోలు చెల్లెమ్మ రాసింది చదివి ఈ రాత్రి మా ఆవిడతో కూర్చుని మాట్లాడాలని నిశ్చయించుకున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఇప్పుడు విరమణకు దరఖాస్తు చేయడం తెలివైన పనేనా? రెండు, మనోవైద్యుడి దగ్గరకు వెళ్లినట్లు కార్యాలయంలో తెలిస్తే పదోన్నతికి అడ్డువస్తుందేమోనన్న భయం. మా ప్రాంతంలో అందరూ అందరికీ తెలుసు.


జవాబు 5
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మచిలీపట్నం

మొదటిదానికి నేను చెబుతాను. 1995 నాటి బ్యాంకు ఉద్యోగుల పింఛను నిబంధనలలో, 20 ఏళ్ల సర్వీసు పూర్తిచేసినవారు మూడు నెలల నోటీసుతో స్వచ్ఛందంగా విరమించవచ్చన్న ఏర్పాటు ఉంది. మీ బ్యాంకు నిబంధన ఎలా ఉందో మీ ప్రతిలో చూసుకోండి. ఆ హక్కు ఈ నెల ఉండి వచ్చే నెల మాయమయ్యేది కాదు కాబట్టి తొందర అక్కరలేదు. నిద్రలేని కళ్లతో వేసిన లెక్కలో పింఛను, గ్రాట్యుటీ, అబ్బాయి ఇంజనీరింగు ఫీజు సరిగ్గా కూడవు. ముందు ఆరోగ్యం చూసుకుని, అవసరమైతే మెడికల్ లీవు పెట్టి, ఉత్తర్వులన్నీ వచ్చాక, ఇంట్లోవారితో కూర్చుని తేల్చుకోండి. అప్పటికీ వదిలేయాలనే అనిపిస్తే వదిలేయండి, అది ఓటమి కాదు.


జవాబు 6
మనోవైద్యుడు, విశాఖపట్నం

మీ సమాధానం ఊరటనిచ్చింది. ఎప్పుడైనా ఆ తలపు వైపు మనసు మళ్లితే మాత్రం పైన ఇచ్చిన నంబరు గుర్తుంచుకోండి.

రెండవ సందేహానికి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కును మీకు ఇస్తోంది. చట్టం పేర్కొన్న కొన్ని మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా వైద్యుడు వాటిని మీ కార్యాలయానికి చెప్పడానికి వీలులేదు. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బీమా సంస్థలు శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా సౌకర్యం కల్పించాలి. సెలవు పెట్టవలసివస్తే ధ్రువపత్రంలో ఏమి రాస్తారో వైద్యుడిని ముందే అడగండి, అడగడానికి మొహమాటపడకండి. చట్టం ఊళ్లో చెవులు కొరుక్కోవడాన్ని ఆపలేదు, అది నిజమే. మీ ఊళ్లో ఇబ్బంది అనుకుంటే పక్క జిల్లాలో చూపించుకోండి, లేదా మొదటి సంభాషణ టెలీ మానస్ ద్వారా ఫోనులోనే జరపండి. వెళ్లే ముందు ఒక వారంపాటు ఏ వేళకు పడుకున్నారు, ఎప్పుడు మెలకువ వచ్చింది, ఎన్ని టీలు తాగారు అన్నది రాసి తీసుకువెళితే వైద్యుడికి సగం పని తగ్గుతుంది. ఆ వారంలో మాత్రం బావమరిది మాత్ర ముట్టకండి, లేకపోతే నిద్ర లెక్క తప్పుతుంది.